వృద్ధుల ఆయాసము: పరిశోధనలు తేల్చిన సంగతులు

(మహాసభ రెండవ దినమున చదువబడిన ఉపన్యాసము)



ఈ వేదికపై మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరినపుడు, విద్యానిధిని గూర్చియో వసతిగృహమును గూర్చియో నాలుగు మాటలు చెప్పుదునని వారు తలచియుందురు. ఆ విషయములను నాకంటె బాగుగ నెరిగినవారు ఇచ్చట పలువురు గలరు. నేను వైద్యుడను. ముప్పది సంవత్సరములుగ ఊపిరితిత్తుల వ్యాధులను చూచుచున్నవాడను. నేటి యుదయము మన పెద్దలలో కొందరు ఈ మంటపపు మెట్లెక్కి వచ్చునప్పటికి స్తంభము పట్టుకొని నిలిచిపోవుట చూచితిని. పలుకరింపగా అందరును ఒకే మాట చెప్పిరి: "వయసు నాయనా, ఇంకేమున్నది!" ఆ మాటను గూర్చియే నేను నేడు విన్నవింపదలచితిని.

మా నాయనమ్మయు ఆ మాటయే చెప్పెడిది. ఆమె చుట్ట ముట్టి యెరుగదు. కిటికీ లేని వంటయింటిలో నలుబదియేండ్లు పిడకల పొయ్యి ముందు కూర్చుండి ఊదుగొట్టముతో నూదినది. అరువదియైదవ యేట నూతినుండి బిందె తెచ్చుటకు మూడుచోట్ల ఆగెడిది. డెబ్బదవ యేట మంచము దిగి గడప దాటుటయే గగనమైనది. నేనప్పటికి వైద్యకళాశాలలో చదువుచుంటిని. సెలవులకు వచ్చి, క్రొత్త స్టెతస్కోపుతో ఆమె యెదను పరీక్షించి, "వయసే" యని నేనును ఒప్పుకొంటిని. అది వయసు కాదు, వ్యాధి. ఆ సంగతి నాకు తెలియునప్పటికి ఆమె లేదు.

ఈ వ్యాధిని వైద్యులు సి.ఓ.పి.డి. యందురు. ఏండ్లతరబడి పొగ పీల్చుటచే ఊపిరిగొట్టముల గోడలు వాచి, కఫము చేరి, దారి యిరుకగును. వాటి చివరనుండు సన్నని గాలితిత్తులు సాగి చిరిగిపోవును. లోనికి పోయిన గాలి బయటికి రాదు. ఆయాసపడువాడు గాలి చాలలేదని మొరపెట్టును గాని, నిజమునకు వాని రొమ్ములో గాలి నిండియే యుండును. పాతగాలి వెడలినగాని క్రొత్తగాలికి చోటు లేదు. పెదవులు ముడిచి, దీపము నార్పునట్లు కాక వేడిపాలపై నూదునట్లు, మెల్లగ విడువుమని మేము నేర్పుట ఇందులకే.

ఇది వయసో వ్యాధియో తేల్చుటకు కొలత కలదు. లండనునందు జాన్ హచిన్సన్ అను వైద్యుడు 1846లో స్పైరోమీటరును గూర్చి ప్రకటించెను. నేటి యంత్రము అరచేతిలో నిముడును. గొట్టములను విప్పు మందు నిచ్చిన పిదప, నిండుగ పీల్చి బలముగ విడిచినపుడు, మొదటి సెకనులో వెలువడు గాలి మొత్తములో పదింట ఏడు పాళ్లకు తక్కువైనచో దారి యిరుకైనదని నిర్ణయింతురు. వృద్ధుల విషయమున ఇచ్చట నొక జాగ్రత్త వలయును. నార్వేలోని బెర్గెన్ పట్టణమున డెబ్బదియేండ్లు నిండిన, ఎన్నడును పొగ త్రాగని, ఆరోగ్యవంతులను పరీక్షింపగా, నూటికి సుమారు 35 మందికి ఆ కొలత ఏడు పాళ్లకు తక్కువగ వచ్చినట్లు 2002లో ప్రకటించిరి. కావున యంత్రపు అంకె నొక్కదానినే చూచి ముసలివానికి రోగి యని ముద్ర వేయరాదు. ఆయాసము, దగ్గు, గడచిన జీవితమున పీల్చిన పొగ, ఈ మూటిని కూడ విచారింపవలెను. వ్యాధి నుండగ వయసనుట ఎంత తప్పో, వయసును వ్యాధి యనుటయు నంతే తప్పు. ఆయాసమునకు గుండె జబ్బు, రక్తహీనత మున్నగు కారణములును గలవు.

మన దేశమున 2016లో ఈ వ్యాధి 5 కోట్ల 53 లక్షలమందికి ఉండినట్లు అంచనా. ప్రపంచమున 2021లో 35 లక్షలమంది దీనిచే మరణించిరని ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క. ఇది చుట్ట, బీడీ, సిగరెట్టు త్రాగు పురుషుల వ్యాధి యని చిరకాలము తలచిరి. కాని రోగులలో నాలుగవవంతునకు తక్కువ కాకుండ ఎన్నడును పొగ త్రాగనివారేయని 2009లో సాల్వి, బార్న్స్ అను వైద్యులు లాన్సెట్ పత్రికయందు చూపిరి. వారిలో మా నాయనమ్మవంటివారు ఎందరో! ఆంధ్రదేశమున 1999లో దీపము పథకమును, దేశమంతట 2016లో ఉజ్జ్వల పథకమును వచ్చి గ్యాసుపొయ్యి నిచ్చినవి. అయినను పొయ్యి మారినంత మాత్రమున పాత పొగ రొమ్మును వీడదు. నేడు డెబ్బదియేండ్ల అవ్వలు పడుచుతనమున పీల్చిన పొగకు ఇప్పుడు మూల్యము చెల్లించుచున్నారు. శ్రీకాకుళపు పల్లెలలో అడ్డపొగ త్రాగు అవ్వలకు పొయ్యిపొగ, చుట్టపొగ రెండును.

"ఇంతకాలము త్రాగితిని, ఇప్పుడు మానిన నేమి లాభ" మని అడుగువారికి సమాధానము 1977లోనే వచ్చినది. ఫ్లెచర్, పీటో అనువారు లండనునందలి 792 మంది పనివారిని ఎనిమిదేండ్లు కొలిచి చూచిరి. పొగ మానినవానికి పోయిన ఊపిరి తిరిగి రాలేదు. కాని ఆనాటినుండి తరుగుదల, ఎన్నడును త్రాగనివాని తరుగుదల వేగమునకే దిగినది. ఉత్తర అమెరికాయందు 5,887 మంది పొగత్రాగువారితో జరిగిన మరియొక పరిశోధనము 1994లో వెల్లడియైనది. మానుటకు సాయము పొందినవారిలో ఐదేండ్లు నిలుకడగ మానినది సుమారు ఐదవవంతు మందియే. అయినను పదునాలుగేండ్లకు పైగా గడచిన పిదప లెక్కచూడగా, సాయము పొందిన తెగలో మరణములు తక్కువయ్యెనని 2005లో తేల్చిరి. తాతగారు మానలేకపోయినచో ఇంటివారు తిట్టుట మాని, మరల ప్రయత్నింపజేయవలెను. ఒకటవ ప్రయత్నముననే మానినవారు అరుదు.

ఇక దాతలకు ప్రత్యేకముగ విన్నవింపదలచిన విషయమునకు వచ్చెదను. 2021లో కరోనా విజృంభించినపుడు మన సంఘమువారును, ఇతరులును ఆక్సిజను యంత్రములను కొని యిచ్చిరి. అది సమయోచితమైన పుణ్యకార్యము. ఇప్పుడును ఏటేట ఎవరో యొకరు పెద్దల పేర ఒక యంత్రము నిచ్చెదమని ముందుకు వచ్చుచున్నారు. ఆయాసమున్న ప్రతివారికిని ప్రాణవాయువు మేలుచేయునని మనకొక నమ్మకము. పరిశోధన ఏమి చెప్పుచున్నది?

బ్రిటనునందు రక్తములో ప్రాణవాయువు మిక్కిలి తగ్గిన 87 మందిని, చీట్లు వేసినట్లు, రెండు తెగలుగ విభజించిరి. ఒక తెగకు దినమునకు పదునైదు గంటలు ఆక్సిజను, రెండవ తెగకు లేదు. ఐదేండ్లలో ఆక్సిజను పొందిన 42 మందిలో 19 మందియు, పొందని 45 మందిలో 30 మందియు మరణించిరి. ఇది 1981నాటి ఫలితము. అంతకు ముందేడు ఉత్తర అమెరికాలో 203 మందిపై జరిగిన పరీక్షయందు, రాత్రివేళ మాత్రమే తీసికొనినవారికంటె రేయింబవళ్లు తీసికొనినవారు ఎక్కువకాలము బ్రతికిరి. కావున అర్హులకు ఇది ప్రాణదానమే. అర్ధగంట పీల్చి యంత్రము నాపివైచుటవలన ఆ ఫలము రాదు.

కాని వ్రేలికి తగిలించు మీటరుపై నూటికి 89 మొదలు 93 వరకు చూపువారి మాట యేమి? నడచినపుడు మాత్రమే తగ్గువారి మాట యేమి? మన యిండ్లలోని వృద్ధులలో పెక్కురు ఈ కోవకు చెందినవారే. 2016లో అమెరికాలో 738 మందిపై జరిగిన పరీక్ష దీనికి బదులు చెప్పెను. ఆక్సిజను ఇచ్చినను ఇవ్వకున్నను వారి ఆయువునందు గాని, ఆస్పత్రి పాలగుటయందు గాని, నడకయందు గాని భేదము కానరాలేదు. అంతియే కాదు, అధికమైన ఆక్సిజను హానియు చేయును. ఆస్ట్రేలియాలోని టాస్మేనియా ద్వీపమున ఆయాసము ముదిరి అంబులెన్సు నెక్కినవారిలో, ధారాళముగ ఆక్సిజను పొందిన 226 మందిలో 21 మంది మరణించిరి. నూటికి 88 - 92 నడుమ నిలుచునట్లు కొలిచి ఇచ్చిన 179 మందిలో మరణించినది ఏడుగురే. ఇది 2010లో వెలువడినది. బొగ్గుపులుసు గాలి రక్తమున నిలిచిపోవుట దీనికొక ముఖ్యకారణము. కొడుకులు భయముచే మీటను పూర్తిగ త్రిప్పుట నేను చూచితిని. వారి ప్రేమను తప్పుపట్టజాలను, గాని చేయిని పట్టుకొని ఆపవలసివచ్చినది.

ఆస్పత్రిలో ముఖమునకు తొడుగు తగిలించి గాలిని ఒత్తిడితో నిచ్చు యంత్రము వేరు. 1995లో ఐరోపాలో 85 మందిపై జరిగిన పరీక్షయందు దానిని వాడిన 43 మందిలో నలుగురును, వాడని 42 మందిలో పన్నెండుగురును ఆస్పత్రిలో చనిపోయిరి. రోగి మగతగ నున్నను, మాటలు తడబడుచున్నను "రేపు చూతము" అనక వెంటనే తీసికొనిపొండు.

ఇప్పుడు వ్యాయామమును గూర్చి. నవ్వకుడు. ఆయాసపడువానిని కదలనీయకుండుట మన యిండ్లలో గౌరవము. మంచము ప్రక్కకే నీళ్లు, మంచము ప్రక్కకే కంచము. కదలనివాని తొడలు సన్నబడును. సన్నబడిన కండకు కొద్దిపనికే ఎక్కువ గాలి కావలెను, దానిచే ఆయాసము హెచ్చును, హెచ్చినకొలది ఇంకను కదలడు. ఈ గుండ్రమును తెగగొట్టునది మందు కాదు, నడక. వారమునకు రెండుమారులు, ఆరేడు వారములు, కనిపెట్టి చూచువారి సమక్షమున నడిపించుట, కుర్చీనుండి లేపి కూర్చుండబెట్టుట, చేతులకు చిన్న బరువులిచ్చుట, ఊపిరి విడుచు పద్ధతి నేర్పుట - ఇంతియే. కార్డిఫ్ పట్టణమున 200 మందితో ఇట్టి పరీక్ష జరిపి, ఏడాది తరువాత చూచిరి. ఆస్పత్రిలో చేరినవారి సంఖ్య రెండు తెగలలోను ఒకటే. కాని వ్యాయామము చేసినవారు అక్కడ సగటున 10 దినములుండగా, చేయనివారు 21 దినములుండిరి. అది 2000 సంవత్సరపు మాట. 2015 నాటికి ఇట్టి పరీక్షలు 65, పాల్గొన్నవారు 3,822 మంది. ఫలితము ఎంత స్పష్టమైనదనగా, మామూలు చికిత్సతో దీనిని పోల్చు పరీక్షలు ఇక అక్కరలేదని సమీక్షను ప్రకటించినవారే చెప్పిరి. వైద్యశాస్త్రమున అట్టి మాట తరచుగ వినబడదు.

ఇన్హేలరు అలవాటైపోవునని భయపడకుడు. మాత్ర ఒడలంతయు తిరుగును, పీల్చినది చేరవలసినచోటికే చేరును. అయితే నా యొద్దకు వచ్చు పెద్దలలో సగమునకు పైగా దానిని తప్పుగ పీల్చుచున్నారు. మందు నాలుకపై బడి కడుపులోనికి పోవును. కీళ్లనొప్పుల వ్రేళ్లకు నొక్కుట కష్టము. అట్టివారికి స్పేసరను గొట్టపుడబ్బా తగిలించిన సుకరము. వైద్యుని యెదుట పీల్చి చూపుడు, సిగ్గుపడకుడు. స్టెరాయిడు కలిసిన ఇన్హేలరు అందరికిని కాదు. 2007లో వెలువడిన 6,112 మంది పరీక్షలో, మందులేని వట్టి ఇన్హేలరు పీల్చినవారిలో నూటికి 12 మందికి న్యుమోనియా రాగా, స్టెరాయిడు కలిసిన జంటమందు పీల్చినవారిలో 19 మందికి పైగా వచ్చినది. ఆయాసము ముదిరినపుడు స్టెరాయిడు మాత్రలు రెండువారములు మ్రింగు ఆచారము కూడ పాతబడినది. ఐదుదినములు చాలునని స్విట్జర్లండువారు 2013లో 314 మందిపై చూపిరి. మధుమేహమును, ఎముకల బలహీనతయు గల వృద్ధులకు ఆ తొమ్మిది దినముల భేదము చిన్నది కాదు.

ఒక చిన్న సంగతి. ముఖముపై ఐదునిమిషములు చిన్న పంకా గాలి తగిలినచో ఆయాసము తగ్గినట్లు తోచునని 2010లో ఇంగ్లండునందు 50 మందితో జరిగిన పరీక్ష తెలిపినది. కాలిపై విసరిన ఆ మేలు కలుగలేదు. మా నాయనమ్మ మంచము ప్రక్కనుండిన తాటాకు విసనకర్ర నాకు జ్ఞప్తికి వచ్చినది. ఆమె దానిని ముఖమునకే విసరుకొనెడిది.

ఇన్ని పరీక్షలు చెప్పితిని గాని వాటికొక కొరత కలదు. బ్రిటను ఆక్సిజను పరీక్షలో డెబ్బదియేండ్లు దాటినవారిని చేర్చుకొనలేదు. పొగ మాన్పించిన పరీక్షలో ప్రవేశమునకు అరువదియే మేర. ఇట్టి పరీక్షలు పెక్కింటిలో గుండెజబ్బు, మతిమరపు గలవారిని వదలివేయుదురు. ఎనుబదియేండ్ల తాతకు నాలుగు రోగములుండగా, ఒక్క రోగమున్న అరువదియేండ్లవాని ఫలితమును ఎంతవరకు వర్తింపజేయవచ్చునో వైద్యుడు ఎదుట కూర్చుండి యోచింపవలెను. అందులకే మూడు నిమిషములలో చీటీ వ్రాయు వైద్యునికంటె, మీరు చెప్పునది వినువానిని వెదకికొనుడు.

దాతలకు నా విన్నపము. ఈ యేడు ఆక్సిజను యంత్రములకని ప్రకటించిన నిధిలో కొంత మార్చి ఒక స్పైరోమీటరును, కొన్ని స్పేసరులను కొనుడు. ఈ కల్యాణమంటపపు వెనుక వరండా వారమునకు రెండు ఉదయములు ఖాళీగనే యుండును. దానిని నడకకు ఇండు. నేర్పుటకు ఫిజియోథెరపీ చదివిన మన యువకులు ఇద్దరు ఒప్పుకొనిరి. ఉన్న యంత్రములను అర్హులకు ఎరువిచ్చి, పని తీరిన పిదప తిరిగి తీసికొనుటకు ఒక పుస్తకము నుంచుడు.

నా స్పైరోమీటరు నేడు సంచిలో తెచ్చితిని. భోజనానంతరము మూడు గంటలనుండి తూర్పు గదిలో కూర్చుందును. ఉదయము స్తంభము పట్టుకొని నిలిచిన పెద్దలు ముందుగ దయచేయుడు. అవ్వలను ఎవరైనను చేయిపట్టి తీసికొనిరండు.