పాత గోడ – కొత్త గోడ



నేను డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరైనవాణ్ణి. మా రోజుల్లో ట్రేసింగు మీద ఇంకుతో గీసి, అమ్మోనియా ప్రింటు తీసి, చేత్తో రంగులు వేసేవాళ్ళం. కొత్తగా కట్టేదానికి నిండు ఎరుపు, పడగొట్టేదానికి పసుపు చారలు, ఉన్న కట్టడానికి అంచు గీతే.

ఇప్పటి రెవిట్ వంటి సాఫ్ట్‌వేరులో ప్రతి గోడకూ రెండు సంగతులు చెప్పాలి: ఏ దశలో వచ్చింది, ఏ దశలో పోతుంది. అవి చెబితే ఉన్న ఇంటి ప్లాను, కూల్చివేత ప్లాను, కొత్త ప్లాను ఒకే నమూనా నుంచి వస్తాయి. పాతది లేతగా, కూల్చేది తెగి తెగి ఉండే గీతతో, కొత్తది ముదురుగా చూపవచ్చు. కొత్త గోడల కొలతలు విడిగా లెక్క తీయవచ్చు. అయితే యంత్రానికి మన ఇల్లు తెలియదు. పాత గోడను కొత్త దశలో గీస్తే కొత్తదనే లెక్క వేస్తుంది. ఉన్న గోడ మళ్ళీ ఎస్టిమేటులోకి ఎక్కుతుంది.

మిత్రులారా! గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ముతో మనం కట్టుకున్న ఇళ్ళకు ఇప్పుడు పిల్లలు గదులు కలుపుతున్నారు, గోడలు తీయిస్తున్నారు. సంతకం పెట్టేముందు మూడు ప్లాన్లూ విడివిడిగా అడగండి. తీసేసే ప్రతి గోడ మీదా వేలు పెట్టి, “దీని మీద స్లాబు ఆనుకొని ఉందా?” అని ఇంజనీరును అడగండి. సాఫ్ట్‌వేరు ఆ గోడను ఒక్క నొక్కుతో కూల్చి చూపిస్తుంది. దాని కింద పడుకునేది మన మనవలు.