నోట పిల్లలను సాకు చేపలు

తూర్పు ఆఫ్రికాలోని మలావీ సరస్సున సిక్లిడ్ చేపలు 500 జాతులకు మించి కలవు. వానిలో పసుపువన్నె లాబిడోక్రోమిస్ నెమ్మదియైనది. ఇంటి అద్దాల తొట్టిలో మొదటిసారి సాకువారికి తగినది.

ఆ సరస్సు నీరు కఠినము, క్షారగుణము గలది. కావున తొట్టినీటి పి.హెచ్. విలువ 7.8, 8.6ల నడుమను, వేడిమి 24 మొదలు 26 డిగ్రీల సెంటీగ్రేడు వరకును ఉండవలెను. సబ్బు నురుగురాని బావినీరు మనకు విసుగు పుట్టించును గాని ఈ చేపలకు హితమే. అడుగున ఇసుక పరచి, దాగుటకు సందులుండునట్లు రాళ్ళు పేర్చవలెను. ఒక మగచేపకు రెండు మూడు ఆడచేపలు చాలును.

ఆడచేప గ్రుడ్లు పెట్టిన వెంటనే వానిని నోట నుంచుకొని, మూడు వారములకు పైగా మోయును. ఆ దినములలో మేత ముట్టుట అరుదు. దవడ ఉబ్బిన తల్లిని బెదరింపరాదు. బెదరినచో గ్రుడ్లను ఉమిసివేయవచ్చును, మ్రింగనూవచ్చును. వెలువడిన పిల్లలకు మెత్తని పొడిమేత వేయవలెను. దగ్గరి జాతులను కలిపి ఉంచినచో సంకరము పుట్టి, జాతి శుద్ధి చెడును.

పిల్లలు పెరిగి తొట్టి ఇరుకైనప్పుడు, వానిని ఊరి చెరువులో విడువ బుద్ధిపుట్టును. అది తగదు. 1952లో మన దేశమునకు తెచ్చిన మొజాంబిక్ తిలాపియాయు నోట పిల్లలను సాకు ఆఫ్రికా సిక్లిడే. అది చెరువులలోను జలాశయములలోను వ్యాపించి, దేశవాళీ చేపల తిండికిని తావునకును పోటీయైనది. మిగిలిన పిల్లలను తొట్టిగల మిత్రులకిండు. తీసికొనువారు లేనిచో ఆడ మగలను వేరుచేసి ఉంచుడు.