పిల్లలకు ఏ సంగీతం నేర్పిద్దాం?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను ఎలక్ట్రికల్ ఇంజనీరును. కచేరీ చేసేంత విద్వత్తు లేదు గానీ సాయంత్రం పూట వయొలిన్ వాయించుకుంటాను. ఆ సంగతి తెలిసి ఆఫీసులో కుర్రవాళ్లు తరచూ అడుగుతుంటారు: "సార్, మా పాపకి ఆరేళ్లు. కీబోర్డులో చేర్పించమంటారా, వీణలోనా?"

ముందు గొంతుతో మొదలుపెట్టమంటాను. మన సంగీతంలో వాద్యమేదైనా పాటను అనుసరించేదే. గొంతు కొనక్కర్లేదు, అది పిల్లతోపాటే పెరుగుతుంది. మొదటి పాఠాలు సరళీ స్వరాలు. ఈ పాఠక్రమాన్ని పదహారో శతాబ్దపు పురందరదాసు ఏర్పరిచారని సంప్రదాయం చెబుతుంది. వాటిని మాయామాళవగౌళ రాగంలో నేర్పడంలో మంచి లెక్క ఉంది. 'స' నుంచి 'మ' వరకు మెట్లు ఎంతెంత ఎడంగా ఉంటాయో, 'ప' నుంచి పై 'స' వరకు అచ్చంగా అలాగే ఉంటాయి. కింది సగం పట్టుబడితే పై సగం సులువవుతుంది. ఒక్క జాగ్రత్త: శ్రుతి పిల్ల గొంతుకు సరిపోవాలి. గురువుగారి శ్రుతి గురువుగారిది. పిల్ల మెడనరాలు బిగించి పాడుతోందంటే శ్రుతి మార్చమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

ఇక వాద్యాలు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసచెక్కతో చేసే వీణలు మన ప్రాంతపు గర్వకారణం. కానీ పెద్ద వీణ మీద ఆరేళ్ల పిల్ల చెయ్యి మెట్ల చివరిదాకా అందదు. కొన్నేళ్లు ఆగాలి. వయొలిన్‌లో చిన్న సైజులు దొరుకుతాయి. దానికి మెట్లుండవు కాబట్టి స్వరస్థానాన్ని చెవే వెతుక్కోవాలి. అందుకే ఏడాదో రెండేళ్లో పాడిన పిల్లకు వయొలిన్ తొందరగా లొంగుతుంది. కీబోర్డు మీద మీట నొక్కగానే శుద్ధమైన స్వరం పలుకుతుంది, పిల్లకు హుషారు. సినిమా పాటలకు, పాశ్చాత్య సంగీతానికి నిక్షేపంగా పనికొస్తుంది. అయితే గమకం పుట్టేది రెండు స్వరాల మధ్య. మామూలు కీబోర్డులో రెండు మీటల మధ్య ఏమీ లేదు. కర్ణాటక సంగీతం కావాలనుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి.

వాద్యం కంటే గురువును ఎంచుకోవడం ముఖ్యం. చేర్పించే ముందు ఒక క్లాసులో వెనక కూర్చోండి. గురువు తాను పాడి వినిపిస్తున్నారా? అపస్వరం వస్తే ఆగి సరిచేస్తున్నారా, కేకలేస్తున్నారా? పిల్లలు ఒక్కసారైనా నవ్వారా? "ఏడాదిలో ఎన్ని కీర్తనలు వస్తాయి?" అని మాత్రం అడగకండి. అలా అడిగే తల్లిదండ్రుల కోసమే పునాది లేకుండా కీర్తనలు చెప్పేవారు తయారవుతారు. ఇంట్లో రోజూ పావుగంట సాధన చాలు. చుట్టాలొచ్చినప్పుడల్లా "ఏదీ, పాడమ్మా" అని నిలబెడితే పాటంటేనే బెదురు పట్టుకుంటుంది.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు ఆన్‌లైన్ పాఠాలే దిక్కు. నెట్‌లో శబ్దం కాస్త ఆలస్యంగా చేరుతుంది కాబట్టి గురుశిష్యులు కలిసి పాడలేరు. గురువు పాడి ఆపాక పిల్ల పాడాలి. అంచేత ఇంట్లో తంబురా శ్రుతి పెట్టి, అమ్మో నాన్నో పక్కన కూర్చోవాలి.

ఇంతసేపూ ఎంచుకోగలిగినవాళ్ల సంగతి చెప్పాను. ఇవాళ మన బడిలో చదివే పిల్లల్లో చాలామందికి ఆ అవకాశం లేదు. నెలనెలా ఫీజు కట్టి పాట నేర్పించే స్తోమత వాళ్ల ఇళ్లలో లేదు. మన రోజుల్లో వారానికి రెండు సంగీతం పీరియడ్లుండేవి. ఇప్పుడు టైంటేబుల్లో ఆ గడే లేదు.

విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైంది. సంస్థాన ఉద్యోగి ఒకరి చూపులేని కొడుక్కి సంగీతం చెప్పించాలన్న ఆలోచన నుంచే అది పుట్టిందని చెబుతారు. తొలి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు. ఘంటసాల, సుశీల గార్లు అక్కడే చదివారు. ఒక్క పిల్లవాడి కోసం తెరిచిన తలుపులోంచి ఎంతమంది నడిచారో చూడండి.

స్వర్ణోత్సవ నిధితో స్వాగత ద్వారం కట్టాలన్న ప్రతిపాదన మన ముందుంది. కట్టాలన్నవారి అభిమానాన్ని నేను శంకించను. కానీ ఆ డబ్బు బ్యాంకులో వేసి, వడ్డీకి మనం ఏటా కొంత కలిపితే, వారానికి రెండు రోజులు వచ్చే సంగీతం టీచరుకు జీతం ఇవ్వొచ్చు. నా వంతు వాటా ఇస్తానని ఈ సభలో మాటిస్తున్నాను. సాయంత్రం సర్వసభ్య సమావేశంలో ఓటు వేసే ముందు దయచేసి ఈ సంగతి ఆలోచించండి.