మన్నారు సింధుశాఖలోని పగడపు దిబ్బలు

సెలవులలో కోయంబత్తూరులోని మన పీలమేడు నుండి కారులో మదురై, రామనాథపురముల మీదుగా మండపము తీరమును చేరిన కుటుంబములవారు, అనుమతిగల చోట, కంటికి అద్దమును, నోట ఊపిరిగొట్టమును ధరించి లోతులేని నీటిపై బోరగిల తేలినచో, జింకకొమ్ములవలె శాఖోపశాఖలైన పగడములును, వాని సందులలో దూరు చారల చేపలును గోచరించును.

పగడము రాయి కాదు, ప్రాణి. మిక్కిలి చిన్నవగు జీవులు తరతరములుగా సున్నపు గూళ్లు కట్టుకొనగా ఏర్పడినదే ఆ దిబ్బ. ఇంతకన్న అద్భుతమైన కట్టడమును నేనెరుగను.

ఒకప్పుడు సున్నపు బట్టీలకై ఈ దిబ్బలను త్రవ్విరి. 1986లో ఈ సింధుశాఖలోని 21 దీవులు జాతీయ సముద్రోద్యానమైనవి. అయినను నీరు వేడెక్కినచో పగడము తెల్లబారును. పాదము తగిలినచో విరుగును. మరల చెప్పుచున్నాను, అది రాయి కాదు. కావున తల్లులారా, తండ్రులారా, పిల్లలకు ముందే చెప్పియుంచుడు: తేలుడు, చూడుడు, దిబ్బపై కాలు మోపకుడు.