రెండు తీగలు, ఒకే స్తంభం

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



హాస్టల్ కంప్యూటర్ గదికి పెట్టించిన రెండో ఇంటర్నెట్ లైను అవసరానికి ఎందుకు ఆదుకోలేదో చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. మేం పాఠాలు చెప్పుకునేవాళ్లం, ఇంజనీర్లం కాదు. కానీ ఆ గది బాధ్యత మాదే కనుక తెలుసుకుని వచ్చాం.

గత ఏడాది స్కాలర్‌షిప్ దరఖాస్తుల ఆఖరి రోజు మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. ఒక కంపెనీ లైను పోయినా రెండో కంపెనీది ఉందిలే అని ధీమాగా కూర్చున్నాం. మధ్యాహ్నం కాలువ తవ్వుతున్న యంత్రం తగిలి వీధి చివరి స్తంభం ఒరిగింది. రెండు లైన్లూ ఆ స్తంభం మీదివే! పిల్లల్ని ఆటోల్లో ఎక్కించుకుని నెట్ సెంటర్‌కు పరుగెత్తాం. అక్కడ అప్పటికే పెద్ద క్యూ. ఇద్దరు ఆడపిల్లల దరఖాస్తులు వెళ్లలేదు. నెలనెలా రెండు బిల్లులు కట్టాం గానీ, తీగ ఏ దారిన వస్తుందో ఒక్కసారీ చూడలేదు. ఆ తప్పు మాదే.

బ్యాంకులు, విశ్వవిద్యాలయాల వంటి పెద్ద సంస్థలు ఈ పనిని వేరే విధంగా చేస్తాయి. తమ పేరున కొన్ని ఇంటర్నెట్ చిరునామాలను, ఏఎస్ నంబరు అనే ఒక గుర్తింపు సంఖ్యను తీసుకుంటాయి. పాత తరహా చిరునామాలైతే కనీసం 256 ఉన్న గుంపు కావాలి. అంతకన్నా చిన్నదాన్ని చాలా నెట్‌వర్క్‌లు లెక్కచేయవు. ఆపైన ఇద్దరు ప్రొవైడర్లకూ ‘ఈ చిరునామాలు మా దగ్గరున్నాయి’ అని చాటుతాయి. వాళ్లు తమ నంబరు చేర్చి పక్కవాళ్లకు చెబుతారు. పెళ్లి కబురు ఊరూరా పాకినట్టు ఆ మాట ప్రపంచమంతా చేరుతుంది. రౌటర్లు మధ్యమధ్య ‘ఉన్నాం’ అని ఒకదానికొకటి కబురు పంపుకుంటాయి. ఆ కబురు గడువులోగా రాకపోతే, సాధారణంగా అది 90 లేదా 180 సెకన్లు, ఆ దారిని చెరిపేసి రెండో దారి పడతాయి. చిరునామా మాత్రం మారదు.

ఈ పద్ధతి పేరు బీజీపీ, అంటే బోర్డర్ గేట్‌వే ప్రోటోకాల్. 1989లో అమెరికాలో కర్క్ లాహీడ్, యాకొవ్ రెక్టర్ అనే ఇంజనీర్లు భోజనాల దగ్గర కాగితపు రుమాళ్ల మీద రాసుకున్నది. మా పిల్లలకు ఈ సంగతి భలే నచ్చింది.

నోటి మాటను నమ్మడంలో చిక్కూ ఉంది. 2008 ఫిబ్రవరి 24న పాకిస్థాన్ టెలికాం తమ దేశంలో యూట్యూబ్‌ను ఆపడానికి పెట్టుకున్న దారి సమాచారం హాంకాంగ్ ప్రొవైడర్ మీదుగా బయటికి పొక్కింది. వీధి పేరు చెప్పినవాడి కన్నా ఇంటి నంబరు చెప్పినవాడి మాటే రౌటర్లకు చెల్లుతుంది. దాంతో సుమారు రెండు గంటలు చాలా దేశాల్లో యూట్యూబ్ అందలేదు.

మాకు దానికన్నా పెద్ద పాఠం అంతకు మూడున్నర వారాల ముందు, జనవరి 30న జరిగింది. ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర సముద్రంలో రెండు వేర్వేరు కేబుళ్లు తెగాయి. మన దేశంలోనూ ఇంటర్నెట్ బాగా మందగించింది. తూర్పు సముద్రాల మీదుగా కూడా లైన్లున్న కంపెనీలు ఆ దారికి మళ్లాయి. కేబుళ్లు రెండైనా తెగిన చోటు దాదాపు ఒకటే. మన వీధి చివరి స్తంభం కథే, కాస్త పెద్ద కొలతలో!

మరి మన హాస్టల్‌కు బీజీపీ కావాలా? అక్కర్లేదని మా అభిప్రాయం. బయటివాళ్లు వెతుక్కుంటూ వచ్చే సర్వర్లు మన దగ్గర లేవు. రెండు లైన్లు పట్టే చిన్న రౌటర్ చాలు. ఒకటి పోతే రెండోదానికి మారుతుంది. అప్పుడు చిరునామా మారుతుంది కనుక సగం నింపిన ఫారం మళ్లీ లాగిన్ అడగొచ్చు, అంతే.

రెండో లైను మాత్రం వెనక సందులోంచి రావాలి, లేదా తీగ లేకుండా సిమ్ మీద నడవాలి. సంతకం పెట్టే ముందు కమిటీ పెద్దలు ఇద్దరు మాతో వచ్చి ఆ దారి నడిచి చూడాలి. ఇంకో మాట. ఇప్పుడున్న రెండు పరికరాలూ ఒకే ప్లగ్గు బోర్డుకు తగిలించి ఉన్నాయి. దానికి ఇన్వర్టర్ లేదు. ధరలు కనుక్కుని రాసిన కాగితం కోశాధికారి గారికి ఇచ్చాం.