జ్వరమున్న బిడ్డ, పొరుగింటి బిడ్డ





అమీర్‌పేట, పంజాగుట్ట దుకాణాల్లో, ఆసుపత్రుల్లో, కార్యాలయాల్లో పనిచేసే తల్లిదండ్రులు మనలో అనేకులు. తెల్లవారగానే పసిబిడ్డను క్రెష్‌లోనో అంగన్‌వాడీలోనో అప్పగించి పనికి పరుగెత్తుతాం. రాత్రి బిడ్డకు జ్వరం వచ్చిందనుకుందాం. పొద్దున్నే పారాసిటమాల్ సిరప్ తాగిస్తాం, ఒళ్లు చల్లబడుతుంది, ఆయాతో ఒక్క మాటైనా చెప్పకుండా దింపి వెళ్లిపోతాం. మధ్యాహ్నానికి మందు ప్రభావం తగ్గుతుంది. ఈలోగా ఒకే బొమ్మ పదిమంది పిల్లల నోళ్లలోకి వెళ్లివస్తుంది.

జబ్బు చేసిన ఒంటెలను ఆరోగ్యంగా ఉన్న ఒంటెల మధ్యకు తోలుకురావద్దని దైవప్రవక్త (సఅసం) వాటి యజమానులను వారించారు. హజ్రత్ అబూ హురైరా (రజి) ద్వారా మనకు అందిన హదీసు ఇది. పశువుల విషయంలోనే ఇంత జాగ్రత్త బోధించిన ధర్మం మనది. మరి పసిపిల్లల విషయంలో మన మౌనాన్ని ఏమనాలి?

తట్టు, అంటే మీజిల్స్ సంగతే చూడండి. దద్దుర్లు కనిపించడానికి 4 రోజుల ముందునుంచే అది ఇతరులకు సోకుతుంది. రోగి గది విడిచి వెళ్లాక కూడా 2 గంటల దాకా ఆ గాలిలో నిలిచి ఉండగలదు. ప్రభుత్వ కార్యక్రమంలో దీని తొలి టీకా 9 నెలలు నిండాకే వేస్తారు, రెండవది 16 నుంచి 24 నెలల మధ్య. అంటే క్రెష్‌లో ఉన్న ఆరు నెలల పాపకు ఇంకా టీకా రక్షణ లేదు. చుట్టూ ఉన్న పెద్ద పిల్లలకు వేయించిన టీకాయే ఆమెకు కోట. రెండవ మోతాదు మరచిన తండ్రులు ఈ వారమే బస్తీ ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి.

నోటిలో పుండ్లు, అరచేతుల్లో, అరికాళ్లలో పొక్కులు తెచ్చే జబ్బు మరొకటి ఉంది. పొక్కులు మానాక కూడా దాని వైరస్ వారాల తరబడి మలంలో వెలువడుతుంది. రోజుకు ఐదుసార్లు వుజూ చేసేవారమన్న ధీమా మనకుంది. డయపర్ మార్చిన చేతికి మాత్రం సబ్బు కావాలి.

సెలవు పెడితే జీతం పోతుంది కదా అని తల్లి అడుగుతుంది. న్యాయమైన ప్రశ్నే. అయితే ప్రతిసారీ తల్లే ఎందుకు సెలవు పెట్టాలి? తండ్రికి ఆ బిడ్డ అమానతు కాదా? ఈ సఫ్‌లలో దుకాణాల యజమానులూ ఉన్నారు. బిడ్డ జబ్బుపడిన రోజు జీతం కోయకండి. జ్వరంతో వచ్చిన బిడ్డను వెనక్కి పంపిన ఆయాపై ఎవరూ గొంతు పెంచకండి. తక్కిన పిల్లల తల్లిదండ్రులు తనపై ఉంచిన నమ్మకాన్ని ఆమె నిలబెట్టింది.

ఈ రోజు ఇళ్లలో జ్వరంతో పడుకున్న చిన్నారులకు అల్లాహ్ స్వస్థత ప్రసాదించుగాక. ఆమీన్.