బూజుకర్ర పట్టేముందు



శివరాత్రితో చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందని పెద్దవాళ్ళ మాట. చలి సంగతేమో గాని, మనకి మాత్రం అక్కణ్ణించే పని మొదలవుతుంది. ఉగాది వస్తోందంటే ఇల్లు దులపాలి, అటక మీది సామాను దింపాలి, గోడలకి సున్నమో రంగో వేయించాలి. కొత్త చింతపండు వస్తుంది, గింజ తీసి జాడీకెత్తాలి. ఇంత హడావిడిలో పిట్టల గురించి చెప్పడానికి ఈవిడెక్కడ దొరికిందమ్మా అనుకుంటారేమో! అనుకోండి, ఫర్వాలేదు. నేనూ అలా అనుకున్నదాన్నే. పిట్టల్ని చూడ్డమంటే మెడలో దుర్భిణీ తగిలించుకుని కొల్లేరు వెళ్ళేవాళ్ళ వ్యవహారం అనుకునేదాన్ని. నా కళ్ళు తెరిపించింది నా బూజుకర్రే. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉన్నా, ముందు ఆ సంగతే చెప్పేస్తాను.

మేముండేది విజయవాడలో. వెనకాల చిన్న వసారా, ఆ తరవాత నాలుగు గజాల పెరడు. అందులో ఒక మునగచెట్టు, కరివేపాకు, రెండు మందారాలు. మూడేళ్ళ కిందట ఉగాదికి వారం ముందు వసారా దులుపుతున్నాను. బట్టలారేసుకునే తీగ చివర ఏదో చెత్త ఉండ వేలాడుతోంది. ఎండుటాకు ముక్కలు, బెరడు పేళ్ళు, కాగితం పీలిక, పురుగుల పెంట, అన్నీ బూజులో చుట్టుకుని జానెడు పొడుగుంది. "ఎన్నాళ్ళయిందో ఇక్కడ దులిపి" అని నన్ను నేనే తిట్టుకుని బూజుకర్రతో ఒక్కటిచ్చాను. కింద పడ్డాక చూస్తే పక్కన చిన్న గుమ్మం, గుమ్మం మీద చూరులాగా చిన్న కప్పు, లోపల మెత్తటి దూది. రెండు గుడ్లు, వేపకాయంతవి. రెండూ పగిలాయి.

కాసేపటికి బొటనవేలంత పిట్ట ఒకటి వచ్చింది. తీగ మీద వాలింది, లేచింది, గూడు ఉండాల్సిన చోటికి సరిగ్గా వచ్చి గాలిలో రెక్కలాడిస్తూ నిలబడింది. ఆ రోజంతా వస్తూనే ఉంది. మర్నాడు కూడా వచ్చింది. ఆ ఏడు పండగ పూట ఆ తీగ మీద బట్టలారేస్తుంటే చెయ్యి రాలేదు నాకు.

అది తేనెపిట్ట అని తరవాత తెలిసింది. మందారం పువ్వు దగ్గర తుర్రుతుర్రుమని తిరిగే పిట్ట ఇదే. మగది మాఘ ఫాల్గుణాల్లో నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. ఎండ పడితే ఆ నలుపే ఊదా, నీలం, పచ్చ అవుతుంది, నెమలికంఠం పట్టుచీరలాగా. గుడ్లు పెట్టే కాలం దాటాక ఆ పట్టుబట్టలు విప్పేసి, గొంతు మీద ఒక నల్ల చార మాత్రం మిగుల్చుకుని ఆడదానిలాగే అయిపోతుంది. ఆడది ఎప్పుడూ గోధుమరంగు వీపు, పసుపు పొట్ట. గూడు కట్టేది ఆడదే, పొదిగేదీ ఆడదే. పిల్లలకి మేత పెట్టేటప్పుడు మాత్రం ఆయనగారు సాయానికొస్తారు. ఎక్కడో విన్న కథలా ఉంది కదూ!

మనం బూజు అని విసుక్కునే సాలెగూటి దారమే దాని సిమెంటు. అది లేకపోతే గూడు నిలవదు. పిల్లలకి పెట్టేది కూడా తేనె ఒక్కటే కాదు, చిన్న పురుగులు, సాలీళ్ళు. అందుకని ఇంటిలోపల బూజు దులుపుకోండి, వద్దనను. పెరటి గోడ మూల, మొక్కల మధ్య ఉన్న సాలెగూళ్ళ జోలికి మాత్రం వెళ్ళకండి. వేలాడే చెత్తని దులిపేముందు పక్కన గుమ్మం ఉందేమో ఒక్కసారి తొంగి చూడండి.

ఆ ఉగాది తరవాత నేను పాలపద్దు పుస్తకం వెనక పేజీల్లో పిట్టల పద్దు మొదలెట్టాను. తేదీ, వేళ, ఏ పిట్ట, ఏం చేస్తోంది, అంతే. కుక్కరు మూడు కూతలు కూసే లోపల వంటింటి కిటికీలోంచి కనబడినవే. ఇన్నాళ్ళూ మన పెరట్లో కాకి, పిచ్చుక తప్ప ఏముంటాయనుకున్నదాన్ని, ఒక్క ఏడాదిలో ఇరవై రెండు రకాలు రాసుకున్నాను.

ఇప్పుడు మీరు చెవి పెట్టి వింటే మధ్యాహ్నం పూట టుక్ టుక్ టుక్ అని, ఎవరో రాగిచెంబుకి సొట్ట తీస్తున్నట్టు, విసుగూ విరామం లేకుండా ఒక చప్పుడు వస్తుంది. అది కంసాలి పిట్ట. ఎండ ముదిరే కొద్దీ దాని సుత్తిదెబ్బలూ ఎక్కువవుతాయి. ఆకుపచ్చ ఒళ్ళు, నుదుట కుంకం పెట్టినట్టు ఎర్రటి బొట్టు. మునగలాంటి మెత్తటి చెట్ల ఎండుకొమ్మకి గుండ్రంగా తొర్ర చేసుకుని అందులో గుడ్లు పెడుతుంది. మనం ఎండుకొమ్మ అనగానే కత్తి కోసం వెతుకుతాం. ఎవరి నెత్తి మీదా పడే ప్రమాదం లేకపోతే ఆ కొమ్మని వర్షాలదాకా ఉంచండి.

ఇక కోకిల. కోయిలమ్మ పాట అని మనం మురిసిపోతాం గాని, ఆ కుహూకుహూ అనేది అమ్మ కాదు, అయ్య. నల్లగా, ఎర్రటి కళ్ళతో ఉండేది మగది. ఆడది గోధుమరంగు మీద తెల్లచుక్కలతో ఉంటుంది, కిక్ కిక్ కిక్ అని కీచుగా అరుస్తుంది. గూడు కట్టుకోదు, గుడ్డు తీసుకెళ్ళి కాకిగూట్లో పెట్టి వస్తుంది. కాకిని తిట్టి కోయిలని పొగిడే మనం, పిల్లల్ని పెంచే కష్టం ఎవరిదో చూడం!

కరివేపాకు చెట్టు మీద టువిట్ టువిట్ మని గొంతు చించుకునే వేలెడు పిట్ట దర్జీ పిట్ట. ఆకుల అంచులకి ముక్కుతో చిల్లులు పొడిచి, దూదీ సాలెదారమూ దూర్చి, సంచీ కుట్టినట్టు కుడుతుంది. చిన్న చిన్న పురుగులు దాని ఆహారం. కరివేపాకునీ నిమ్మమొక్కనీ కొరికే ఆకుపచ్చ గొంగళి కనబడగానే మందు కొట్టకండి. అది నిమ్మ సీతాకోకచిలుక పిల్ల. చిన్నప్పుడు పిట్టరెట్టలా కనబడి శత్రువుని మోసం చేస్తుంది. మరీ ఎక్కువైతే నాలుగింటిని చేత్తో ఏరెయ్యండి. మందు కొట్టిన కొమ్మ మీది పురుగుని పిట్ట తింటే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. ఆ కరివేపాకు మనమూ పోపులో వేసుకునేదే కదా!

పిచ్చుకల గురించి అడుగుతారని నాకు తెలుసు. 2010 నుంచి మార్చి 20న పిచ్చుకల దినం జరుపుతున్నారు. దేశం మొత్తం మీద వాటి సంఖ్య నిలకడగానే ఉందనీ, పెద్ద నగరాల్లో మాత్రం తగ్గిందనీ 2020లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదిక చెప్పింది. పెంకుటిళ్ళ చూర్లు పోయాయి, దూలాల సందులు పోయాయి. పిల్లలకి పెట్టడానికి పిచ్చుకకి గింజలు చాలవు, పురుగులు కావాలి. మా చిన్నప్పుడు చూరుకి వరికంకుల కుచ్చు కట్టేవారు. ఇప్పుడూ ఊరినించి ఎవరైనా వస్తుంటే ఒక కుచ్చు తెమ్మనండి, అందంగానూ ఉంటుంది.

ఇది ఆడవాళ్ళ పని కాదంటారా? సలీం అలీగారి పేరు విన్నారు కదా. 1930ల మొదట్లో ఆయన హైదరాబాదు సంస్థానంలో పిట్టల సర్వే చేసినప్పుడు, ఆయన భార్య తెహమీనాగారు కూడా వెంట ఉన్నారు. ఆవిడ 1939లోనే పోయారు. జమాల్ ఆరా అనే ఆవిడ పిల్లల కోసం పిట్టల మీద రాసిన పుస్తకాన్ని నేషనల్ బుక్ ట్రస్టువారు 1970లో వేశారు. మనలాంటివాళ్ళకీ ఇప్పుడు ఒక దారి ఉంది. ప్రతి ఫిబ్రవరిలో నాలుగు రోజులు పెరటి పిట్టల లెక్క జరుగుతుంది. 1998లో అమెరికాలో మొదలై, 2013 నుంచి ప్రపంచమంతటా సాగుతోంది. పదిహేను నిమిషాలు ఒకచోట కూర్చుని, కనబడినవి లెక్కపెట్టి, సెల్‌ఫోనులో పంపితే చాలు. పోయినసారి నా లెక్కలో పదకొండు కాకులు, నాలుగు గోరువంకలు, రెండు పిగిలిపిట్టలు.

నీళ్ళ మాట మరిచిపోయాను. మట్టి మూకుడు పెట్టండి, రెండంగుళాలకు మించి లోతు వద్దు, మధ్యలో ఒక రాయి ఉంచండి. రోజూ కడిగి నీళ్ళు మారిస్తే దోమల బెడద ఉండదు. పిల్లి పొంచి ఉండే చోట పెట్టకండి. సంక్రాంతి గాలిపటాల దారం చెట్లకి చిక్కుకుని ఉంటే, అందినంత మేరకి తీసెయ్యండి. గాజుపొడి పూసిన నైలాను దారం రెక్క కోసేస్తుంది. దాన్ని 2017లో నిషేధించారు గాని, చెట్ల మీద మాత్రం ఇంకా కనబడుతూనే ఉంది.

పోయిన ఏడాది శివరాత్రికి నాలుగు రోజుల ముందు, అదే తీగ మీద, అదే మూల, ఒక ఆడ తేనెపిట్ట బూజుపోగు చుట్టడం మొదలెట్టింది. నేను మాట్లాడకుండా బట్టల గంప తీసుకుని మేడ ఎక్కాను. ఇరవై ఆరు మెట్లు. మోకాళ్ళనొప్పులున్న మనిషిని. మావారు నవ్వారు. మా అత్తగారు మాత్రం, "అమ్మాయీ, పండగపూట ఇంట్లో బూజు వేలాడితే చూసినవాళ్ళేమంటారు?" అన్నారు. మూడేళ్ళనాటి సంగతి అప్పటిదాకా ఆవిడకి చెప్పలేదు. అప్పుడు చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు.

రంగులు వేసే అబ్బాయి వచ్చేసరికి అది పొదుగుతోంది. గుమ్మంలోంచి ముక్కు ఒక్కటే కనబడుతోంది. "ఆ మూల వదిలెయ్యి నాయనా" అని చెప్పింది మా అత్తగారే. ఉగాదికి పిల్ల బయటికొచ్చింది. రెండు గుడ్లలో ఒకటే పిల్లయింది. కాకి ఒకటి గోడ మీద కాపు వేసింది. ఆవిడ రోజూ గోరుచిక్కుళ్ళు ముందు పెట్టుకుని, పక్కన కర్ర పెట్టుకుని వసారాలోనే కూర్చున్నారు.

శ్రీరామనవమి పొద్దున్న నేను వంటింట్లో పానకానికి మిరియాలు దంచుతున్నాను. "అమ్మాయీ, ఎగిరిందే!" అన్న కేక వినబడి పరుగెత్తుకెళ్ళాను. అప్పటికే గూడు ఖాళీ. నలభై రోజులు మేడ మెట్లెక్కినదాన్ని, తీరా ఆ క్షణం నేను చూడనే లేదు. సాయంత్రం పాలపద్దు తీస్తే, వెనక పేజీలో మా అత్తగారి వంకర అక్షరాలు కనబడ్డాయి. "నవమి. ఎనిమిదింబావు. పిల్ల మందారం మీదికి వెళ్ళింది. తల్లి పక్కనే ఉంది."